నూటతొంభైకి చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్

మొన్న మా ఫ్రిజ్జు కింద నీళ్ళు కారుతుంటే మెకానిక్కుని పిలిపించాను. వచ్చినతను పని తెలిసినవాడే. వెనకాల దుమ్ము దులిపి, పైపులో అడ్డుపడిందేదో తీసి, పోయేముందు ఊరికే ఉండలేక గోడ ప్లగ్గులో మీటరు గుచ్చి చూశాడు. చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. "అమ్మా, మీకు ఓల్టేజీ బలే బాగుండాది. ఈ స్టెబిలైజరు సుమ్మనె, ఊరికే కరెంటు తింటాండాది. పీకేస్తానా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే, లోపలి గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అక్క అక్కడినుంచే అంది, "దాన్ని ముట్టుకోవద్దప్పా. ఆడే ఉండనీ." గొంతేమీ పెంచలేదు. ఇద్దరు ముసలమ్మలున్న ఇంట్లో ఇలాంటివి మామూలేలే అన్నట్టు అతను నావైపు చూశాడు. నేను కాఫీ చేతికిచ్చి, మీదే ఊరు నాయనా అని అడిగి మాట మార్చేశాను. అతను వెళ్ళాక లోపలికి పోయి చూస్తే అక్క ఒలిచిన గింజలూ తొక్కలూ ఒకే గిన్నెలో వేసుకుంటూ కూర్చుని ఉంది. వోల్టేజీ బాగుంది అనే మాట మా ఇంట్లో అనకూడదని పాపం ఆ మెకానిక్కుకి ఎవరు చెప్తారు?

ఆ సంగతి చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి, మా బావ గురించి చెప్పాలంటే మా నాన్న రేడియో దగ్గర మొదలుపెట్టాలి. బళ్ళారి కంటోన్మెంటులో మా ఇంట్లో ఒక వాల్వుల రేడియో ఉండేది. స్విచ్చి వేసిన వెంటనే పలికే రకం కాదు. లోపల గాజు వాల్వుల్లో వత్తులు ఎర్రబడి, పెట్టె వెచ్చబడి, అప్పుడు గాని గొంతు సవరించుకునేది కాదు. ఆ వెచ్చటి గొంతు తర్వాత వచ్చిన ఏ రేడియోలోనూ నేను వినలేదు, అది నా ముసలితనం చాదస్తమైతే అయ్యింది. ఒకసారి అది మూగబోతే, బాగుచేయడానికి మా నాన్న చర్చిలో గిటారు వాయించే, రేడియోల పని తెలిసిన ఒక యువకుణ్ణి పిలిచాడు. అతను ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చేవాడు, విప్పేవాడు, మళ్ళీ బిగించేవాడు. ఆ రేడియో ఎందుకు బాగుపడటం లేదో మా నాన్నకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. చివరికి రేడియో బాగుపడలేదు గాని మా అక్క పెళ్ళి అయిపోయింది. ఆయనే మా బావ. నేను పెళ్ళి మాట తలపెట్టకుండా పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ, నాన్న పోయాక వాళ్ళిద్దరితోనే ఉండిపోయాను. బావ నన్ను టీచరమ్మా అని పిలిచేవాడు. అందులో మర్యాద ఎంతో ఎగతాళి ఎంతో నాకు ఏనాడూ తేలలేదు.

బావ గిటారు సంగతి చెప్పాలి. కంటోన్మెంటులో ఇల్లు ఖాళీచేసి వెళ్ళిపోతున్న ఒక రైల్వే గార్డు దగ్గర కొన్నాడట. ఎలక్ట్రిక్ గిటారు. అలాంటి గిటారుకి సొంత గొంతు ఉండదు, ఆంప్లిఫయరు ఉంటేనే పలుకుతుంది. చర్చిలో ఉన్న చిన్న ఆంప్లిఫయరుకి తగిలించి వాయించేవాడు. అది డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు ఉంటుందని ఆయనే విసుక్కునేవాడు. అయినా ఆయన వాయిస్తుంటే మా అక్క పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా పాడేది. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు మా ఇంట్లో సాయంకాలాలు ఆ గిటారు చప్పుడుతోనే గడిచాయి. బజారులో రేడియోలూ మిక్సీలూ బాగుచేసే బావ కొట్టు, కుట్టుమిషను ముందు అక్క, పిల్లల పరీక్ష పేపర్లతో నేను. పిల్లలు పుట్టలేదన్న దిగులు అప్పుడప్పుడు ఇంట్లోకి వచ్చి కూర్చునేది, గిటారు మొదలవ్వగానే లేచి వెళ్ళిపోయేది.

తర్వాత గనుల రోజులు వచ్చాయి. ఆ రోజులంటే బయటివాళ్ళకి డబ్బు గుర్తొస్తుంది, నాకు దుమ్ము గుర్తొస్తుంది. ఇనుప ఖనిజాన్ని మా ఊళ్ళో అందరూ మన్ను అనే అనేవారు. ఆ మన్ను లారీలకెక్కి రాత్రీ పగలూ రోడ్డుమీద పోతూనే ఉండేది. ఆరేసిన తెల్లచీర మడత పెట్టేసరికి ఇటుకరంగుకి తిరిగేది. ఆదివారం చర్చిలో పెద్దమనుషుల తెల్లచొక్కాల కాలర్లు చూసి ఎవరి ఇల్లు రోడ్డుకి ఎంత దగ్గరో చెప్పవచ్చు. రూపనగుడి నుంచి పాలు తెచ్చే మా పాలాయన బర్రెలన్నీ అమ్మి లారీ కొన్నాడు. ఆయన పాలల్లో నీళ్ళు కలిపే సంగతి మేమందరం మరిచిపోయి, అంత మంచి పాలు మళ్ళీ దొరకవని బాధపడ్డాం. ఎవరి దగ్గర చూసినా కొత్త వస్తువులు. పాతవి బాగుచేయించుకునే ఓపిక ఎవరికీ లేదు. బావ కొట్టు మూతపడింది. రాళ్ళు పగలగొట్టి మన్ను చేసే ఒక క్రషర్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు.

అక్కడ పని ఆపడమనేది ఉండదు. మోటారు కాలినా, కేబుల్ తెగినా, నిలబెట్టకుండా నడిపించాలి. ఫ్యూజు ఎగిరిపోతే సరైన ఫ్యూజు వెతికే తీరిక ఎక్కడిది? చేతికి దొరికిన లావాటి రాగితీగ చుట్టేసి స్విచ్చి వేయడమే. "ఏంది బావా, మీకేం భయం లేదా?" అంటే, "భయపడేకి టైం యాడుంది టీచరమ్మా, లారీలు నిలబడి ఉంటే" అనేవాడు. ఇంటికి వచ్చేసరికి కనురెప్పలు కూడా ఎర్రగా ఉండేవి. స్నానం చేస్తే బచ్చలింట్లోంచి ఎర్రనీళ్ళు పారేవి. తిని, పడుకుని, లేచి మళ్ళీ పోయేవాడు. గిటారుకి అక్క ఒక గుడ్డసంచి కుట్టి తొడిగింది. అది గోడకి వేలాడుతూనే ఉండేది. "ఈ మనిషి ఇంటికి వస్తాండాడు, ఇంట్లో మాత్రం ఉండ్లేదు" అని ఒకరోజు అక్క కుట్టుమిషను ఆపి నాతో అంది. ఏడ్చే మనిషి కాదు మా అక్క. దారం తెంపుకుని మళ్ళీ మిషను తొక్కింది. ఆమెకి కావలసింది జీతమూ కాదు, కొత్త వస్తువులూ కాదు. ఆయన మళ్ళీ ఆ గిటారు పట్టుకోవాలి, అంతే.

ఆ కోరిక తీరే దారి ఒకటి చర్చి అల్మరాలోనే దొరికింది. తెల్లదొరలు ఉన్ననాటి మైకుసెట్టు ఒకటి అందులో మూలపడి ఉంటే, అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, బావని పిలిచి, "తీసుకోనిపో నాయనా, ఎలుకలు దీంట్లో సంసారం చేస్తాండాయి" అన్నారు. బావ దాన్ని ఇంటికి తెచ్చి వరండాలో విప్పాడు. ఎలుకల సామాను అంతా ఊడ్చేశాక లోపల వాల్వులు బాగానే ఉన్నాయి. వాటిని చేతిలో పట్టుకుని వెలుతురుకి తిప్పి చూస్తుంటే, చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో మా రేడియో బాగుచేయని ఆ యువకుడు కనిపించాడు. వీటితో గిటారుకి ఆంప్లిఫయరు కడతానన్నాడు. అన్నీ బిగించుకోవడానికి ఒక అల్యూమినియం పలక కావాలన్నాడు. పలక కోసం ఇల్లంతా వెతికి, చివరికి అక్క క్రిస్మస్ కేకు చేసే ట్రే బోర్లించి దానికి రంధ్రాలు పెట్టడం మొదలుపెట్టాడు. అక్క చూసింది. ఇంకెప్పుడైనా అయితే ఇల్లు ఎగిరిపోయేది. ఆ రోజు మాత్రం, "ఇంకో ట్రే కొనుక్కోవచ్చులే" అని నాతో మెల్లిగా అని లోపలికి పోయింది.

అన్నీ ఉన్నాయి గాని ఒకటి లేదు. పాత సెట్టులోని పవర్ ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడో కాలిపోయింది. గోడలోంచి వచ్చే కరెంటుని వాల్వులకు తగినట్టు మార్చి ఇచ్చేది అదే. వాల్వుల్లో వత్తులు ఎర్రబడటానికి కొంచెం వోల్టేజీ, వాటితో పని చేయించడానికి బోలెడంత వోల్టేజీ, రెండూ దానిలోంచే రావాలి. కావాల్సినది బెంగుళూరు మార్కెట్టులో దొరుకుతుందంటే, అటు పోతున్న ఒకాయనతో బావ తెప్పించాడు. ముచ్చటగా, బరువుగా, నల్లటి పెయింటు వేసి ఉంది. బిగించి స్విచ్చి వేశాడు. వాల్వులు వెలిగాయి, అంటే పొయ్యిలో బూడిదకింద నిప్పులాగా. గిటారు వాయిస్తే దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వచ్చింది చప్పుడు. ట్రాన్స్‌ఫార్మరు తప్పేమీ లేదు. దాన్ని రెండువందల ముప్పై వోల్టులకని చేశారు. మా ఇంట్లో ఆ వోల్టేజీ చూసి ఏళ్ళయింది.

ఇది ఇప్పటి పిల్లలకు అర్థం కాదేమో. మా వీధికి వచ్చే లైనుమీదే క్రషర్లు, షెడ్లు, ఇంకా ఏమేమో నడిచేవి. అవన్నీ తాగగా మిగిలిన కరెంటు మా ఇళ్ళకి వచ్చేది. నూటతొంభై వస్తే పండుగ. ట్యూబులైటు వెలగడానికి అరగంటసేపు కన్నుకొట్టేది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత నిదానంగా తిరిగేది. అందుకని ఇంటింటికీ వోల్టేజీ పెంచే బూస్టరు పెట్టెలు వచ్చాయి, ఎక్కువభాగం బావ బిగించినవే. మా ఇంట్లోనూ ఫ్రిజ్జుకి ఒకటుండేది. ఆంప్లిఫయరుని దానికి తగిలించి చూశాడు. క్రషర్లు ఎక్కువతక్కువలు చేసినప్పుడల్లా బూస్టరు టక్కుమని గేరు మార్చేది, గిటారు చప్పుడు గుటక మింగినట్టు ఆగి మళ్ళీ వచ్చేది. "ఇట్లైతే ప్రార్థన మధ్యలో ఎక్కిళ్ళు వచ్చినట్టుంటాది" అని బావ దాన్ని పక్కన పెట్టేశాడు. ఇక మిగిలింది ఒకటే దారి. మా వోల్టేజీకి సరిపోయే ట్రాన్స్‌ఫార్మరుని చుట్టించుకోవాలి.

రైల్వేగేటు దగ్గర మోటార్లకు తీగ చుట్టే కొట్టు ఒకటుండేది. ఆ కొట్టు భాయ్‌కి బావంటే ఇష్టం. క్రషర్లలో కాలిన మోటార్లన్నీ ఆయన దగ్గరికే తీసుకుపోయేవాడు మరి. ఒక ఆదివారం చర్చినుంచి మార్కెట్టుకి పోయి, కూరగాయల సంచులతో ముగ్గురమూ ఆ కొట్టుకి వెళ్ళాం. కొట్టంతా వార్నిషు వాసన. నాకా వాసనంటే ఇష్టం, కొత్త బెంచీలు వచ్చిన రోజు బడి గుర్తొస్తుంది. పాత సెట్టులోని కాలిన ట్రాన్స్‌ఫార్మరు ఇనుము మంచిదని, దానిమీదే కొత్తగా చుట్టాలని బావ తీసుకెళ్ళాడు. ఇద్దరూ స్టూళ్ళమీద కూర్చుని పిల్లకి సంబంధం మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టారు. ఏ తీగ ఎంత లావు, ఏది లోపల, ఏది పైన, మధ్యలో కాగితం ఎన్ని పొరలు. ఇనుములో తీగకున్న చోటు కొంచెమే. లోపలికి వచ్చే కరెంటు కోసం రెండువందల ముప్పైకి చుట్టాలంటే ఎక్కువ చుట్లు కావాలి, అప్పుడు వాల్వు వత్తుల తీగ సన్నబడాలి. నూటతొంభైకి అయితే చుట్లు తక్కువ, వత్తుల తీగ లావుగా వేసుకోవచ్చు, వాల్వులు దర్జాగా వెలుగుతాయి. రెండూ కావాలంటే చోటు చాలదు.

"నూటతొంభైకే ఏసెయ్ భాయ్" అన్నాడు బావ.

అక్క అంతసేపూ సంచి ఒళ్ళో పెట్టుకుని వింటూనే ఉంది. ఆమెకు ఈ చుట్లూ గిట్లూ అర్థమయ్యాయని నేననుకోను. "ఏమయ్యా, రేపు కరెంటు బాగైతే ఇది ఏం కావల్ల?" అని అడిగింది.

కొట్టు భాయ్ నవ్వాడు, బావ నవ్వాడు, వాళ్ళను చూసి నేనూ నవ్వాను. "అక్కా, కరెంటు బాగయ్యేకి గనులు నిలబడల్ల" అన్నాడు భాయ్. "గనులు నిలబడేది ఉంటాదా? ఆ గుట్టల పక్క చూడండి. మన మనవండ్లు తవ్వినా అయిపొయ్యేది కాదు ఆ మన్ను." బావ అక్కవైపు తిరిగి, "అది కూడా చుట్టిచ్చొచ్చు మే. చుట్టిస్తే వత్తుల తీగె సన్నమైతాది, సౌండు పోతాది. రాని కరెంటు కోసరం వచ్చే సౌండు పోగొట్టుకుందామా?" అన్నాడు. అక్క, "సౌండు పోవద్దులే" అని లేచి, వంకాయలు నలిగిపోతున్నాయని సంచి సర్దుకుంది. ఇంటికి వస్తూ దారిపొడుగునా బావ మాట్లాడుతూనే ఉన్నాడు. అంత మాట్లాడటం నేను విని చాలా రోజులైంది కనక, ఏం మాట్లాడాడో నాకిప్పుడు గుర్తులేకపోయినా ఆ గొంతు గుర్తుంది.

ఆ ట్రాన్స్‌ఫార్మరు బిగించిన రోజు వాల్వులు ఎలా వెలిగాయంటే, వత్తులు నారింజరంగులో, గాజులోపల దీపం పెట్టినట్టు. గిటారు తీగ మీటగానే మా నాన్న రేడియో గొంతు వచ్చింది ఇంట్లోకి. అదే వెచ్చదనం, ఆ గొంతు వెనకాల అదే సన్నటి గురగుర. నేను వంటింట్లోకి పోయి కాసేపు నిలబడి వచ్చాను. అక్క మాత్రం కదల్లేదు. కేకు ట్రే ఆమెదే కనక అందులో తనకూ వాటా ఉందన్నట్టు దాని పక్కనే కూర్చుంది. అప్పటినుంచి ఒక పద్ధతి ఏర్పడింది. పగటి షిఫ్టు ఉన్న రోజుల్లో సాయంత్రం బావ మోటారు సైకిలు చప్పుడు సందు చివర వినపడగానే అక్క ఆంప్లిఫయరు స్విచ్చి వేసి, టీ నీళ్ళు పొయ్యిమీద పెట్టేది. ఆయన ఎర్రదుమ్ము కడుక్కుని వచ్చేసరికి వాల్వులు వేడెక్కి ఉండేవి, టీ తయారై ఉండేది. గిటారు సంచి తీసి ఇవ్వడం నా పని. ఎక్కువసేపేమీ వాయించేవాడు కాదు, వేళ్ళు అలసిపోయి ఉండేవి. ఆ కొంచెంసేపు మాత్రం మనిషి ఇంట్లో ఉండేవాడు.

చర్చిలో కోత పండుగ వచ్చినప్పుడు ఆ ఆంప్లిఫయరు తెమ్మని అయ్యగారు అడిగారు. అక్కడ జనరేటరు పెడతారు, దాని కరెంటు పూర్తిగా వస్తుంది. "ఇది మా ఇంటి కరెంటుకి తప్ప యాడా బతకదు అయ్యగారూ" అని బావ చెప్పుకోవలసి వచ్చింది. అయ్యగారే ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి విన్నారు. విని, కళ్ళు మూసుకుని, పాతరోజుల చర్చిలో కూర్చున్నట్టుందన్నారు. ఆ మాటకి బావ సిగ్గుపడ్డాడు. తరచూ ఫ్యూజు పోతుంటే ఆయన ప్లాంటు అలవాటు ఇంట్లోకీ తెచ్చి, ఆంప్లిఫయరు ఫ్యూజులో లావాటి రాగితీగ చుట్టాడు. మంచిది తెచ్చి వేస్తానన్నాడు. ఆ రోజుల్లో మా ఊరిమొత్తం అలాగే నడిచేది. లారీలు మోయగలిగినదానికంటే ఎక్కువ మోసేవి, రోడ్లు పగిలేదాకా ఓర్చుకునేవి, ఎక్కడ చూసినా ఎగిరిపోవలసిన ఫ్యూజు బదులు లావాటి తీగే ఉండేది.

తర్వాత గనులు ఆపేయమని ఉత్తర్వులు వచ్చాయి. ఎందుకు, ఎవరి తప్పు అన్నది పేపర్లవాళ్ళు రాశారు, నేను రాయను. నాకు గుర్తున్నది నిశ్శబ్దం. ఏళ్ళ తరబడి లారీల మోతలో నిద్రపోయిన మాకు ఆ మోత లేక నిద్ర పట్టలేదు. లారీలు రోడ్ల పక్కన, కురుగోడు దారిలో, ఖాళీ పొలాల్లో వరసగా నిలబడిపోయాయి. వాటిలో మా పాలాయనది కూడా ఒకటి. క్రషర్ ప్లాంటు గేటుకి తాళం పడింది. బావ ఇంటికి వచ్చి స్నానం చేశాడు. కొన్నాళ్ళకి బచ్చలింటి నీళ్ళు మామూలు రంగుకి వచ్చాయి. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు, లేచినా మంచంమీదనే కూర్చునేవాడు. గిటారు పట్టుకోవడానికి ఇప్పుడు కావలసినంత టైముంది, పట్టుకోబుద్ధి మాత్రం కాలేదు. అక్క స్విచ్చి వేసేది కాదు. ఆయన లేవాలని చూస్తూ ఉండేది. గడ్డం మాసిన ఆ ముఖం చూస్తే నాకు భయం వేసేది. నేను బడికి పోయి పిల్లలమీద విసుక్కుని వచ్చేదాన్ని.

ఒకరోజు పొద్దున ఎదురింటామె పరుగెత్తుకుని వచ్చింది, టీవీలోంచి పొగ వచ్చిందట. పక్కింట్లో బల్బులు ఒకదాని వెంట ఒకటి పోయాయట. బావ లేచి మీటరు తెచ్చి గోడలో పెట్టి చూశాడు. ఇంకో ప్లగ్గులోనూ పెట్టి చూశాడు. "రెండువందల యాభై దాటుకోని ఉండాది" అన్నాడు. మిగిలిన ప్లాంట్లూ షెడ్లూ ఒక్కొక్కటే మూతపడి, లైనుమీద కరెంటు లాగేవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. లాగే రోజుల్లో సబ్‌స్టేషనువాళ్ళు ఎక్కించి పెట్టిన వోల్టేజీని ఇంకా దించలేదు. ఇళ్ళల్లో బూస్టర్లేమో ఉన్నదానిమీద ఇంకా పెంచుతున్నాయి. బావ గడ్డం గీసుకున్నాడు. చొక్కా వేసుకుని, స్క్రూడ్రైవరూ టెస్టరూ జేబులో పెట్టుకుని, మా ఫ్రిజ్జు బూస్టరుని ముందు పీకేసి, తాను బిగించిన బూస్టర్లన్నీ తీసేయడానికి వీధిలోకి బయల్దేరాడు. ఒక్కో ఇంట్లోంచి పిలుపులు. ఆయన గొంతు మాకు ఇంట్లోకి వినపడుతూనే ఉంది, ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు కూడా.

మా అక్క సంతోషం నేనిప్పటికీ మరిచిపోలేను. వరండాలోంచి లోపలికీ, లోపలినుంచి వరండాలోకీ తిరిగింది. "లేసినాడు" అంది నాతో, జ్వరం తగ్గిన పిల్లవాడి సంగతి చెప్పినట్టు. బడికి సెలవు కాబట్టి నేను ముందుగదిలో పేపర్లు దిద్దుకుంటున్నాను. బావ గొంతు మూడిళ్ళ అవతలినుంచి రెండిళ్ళ అవతలికి వచ్చింది. అక్క వెళ్ళి ఎప్పటిలాగే ఆంప్లిఫయరు స్విచ్చి వేసి, టీ నీళ్ళు పెట్టింది. వెంటనే నన్ను పిలిచింది. "ఇట్ల రా, చూడు ఎంత బాగా వెలుగుతాండాయో."

వెళ్ళి చూశాను. వాల్వులు నారింజరంగు దాటిపోయి పసుపుగా, దాదాపు తెల్లగా వెలుగుతున్నాయి. అంత కాంతి వాటిలో ఎప్పుడూ చూడలేదు. అక్క ముఖంమీద ఆ వెలుగు పడుతోంది. బాగున్నాయి అన్నాను, నిజంగానే బాగున్నాయి. అక్క వంటింట్లోకీ, నేను పేపర్ల దగ్గరికీ పోయాం. కాసేపటికి గుర్రుమని మోత మొదలైంది. గిటారు వాయించకుండానే మోత ఏమిటా అని నేను తలెత్తేలోపల టపాసు పేలినట్టు ఒక చప్పుడు, ఆ వెనకే వార్నిషు కాలిన వాసన. ఒకప్పుడు నాకిష్టమైన వాసనే. ఫ్యూజులో లావాటి తీగ ఉంది కదా, అది ఎగరలేదు. అక్క పరుగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేసింది. ట్రాన్స్‌ఫార్మరులోంచి నల్లటి మైనం కరిగి కేకు ట్రేమీద పారుతోంది.

బావ వాసన పట్టుకునే వచ్చినట్టున్నాడు. గుమ్మంలో నిలబడి చూశాడు. దగ్గరికి వచ్చి ట్రాన్స్‌ఫార్మరుమీద వేళ్ళు పెట్టి, కాలితే తీసేసుకున్నాడు. "నేనే ఏసినానయ్యా స్విచ్చి" అంది అక్క. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వీదిలో ఇండ్లన్నీ చూసుకుంటా వచ్చినా. మన ఇల్లు చూడ్లా" అన్నాడు. తర్వాత, "టీ అయిందా?" అని అడిగాడు. అక్క టీ తెచ్చి ఇచ్చింది. తెచ్చేటప్పుడు కొంత సాసరులోకి ఒలికింది. సాసరులోది కూడా తాగాడు. ఒకరిమీద ఒకరు కోప్పడి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు ఆయన ఒక స్టెబిలైజరు తెచ్చి ఫ్రిజ్జు పక్క గోడకి బిగించాడు. బూస్టరు కాదు, పెరిగితే తగ్గించేది, తగ్గితే పెంచేది. "పైకి పోనీ కిందికి రానీ, ఈ ఇంట్లోకి మాత్రం సమంగా రావల్ల" అన్నాడు అక్కతో. మా ఇంట్లో ఆయన చేసిన చివరి కరెంటు పని అదే. ట్రాన్స్‌ఫార్మరు ఇనుము బాగానే ఉందనీ, మళ్ళీ చుట్టిస్తాననీ అన్నాడు. రైల్వేగేటు దగ్గరికి పోతే కొట్టు మూసేసి ఉంది. కాలే మోటార్లే లేకపోయాక భాయ్ మాత్రం ఏం చుడతాడు? కుటుంబంతో సహా ఎక్కడికో వెళ్ళిపోయాడని పక్కవాళ్ళు చెప్పారు. వేరే ఊళ్ళో చుట్టించవచ్చు. చుట్టిస్తాలే అని బావ కొన్నాళ్ళు అన్నాడు, తర్వాత అనడం మానేశాడు, ఆ తర్వాత అక్క అడగడం మానేసింది. తాడిపత్రి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికింది. పోతూ గిటారు తీసుకుపోలేదు. సెలవులకు వచ్చినప్పుడు చొక్కాలకి ఎర్రదుమ్ముకి బదులు బూడిదరంగు దుమ్ము ఉండేది. అక్కడే, క్వార్టర్లలో, ఒక వేసవి మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మరి లేవలేదు. సమాధి చేసిన రోజు చర్చిలో ఎవరో కీబోర్డు వాయించారు. అక్క పాటల పుస్తకం సరిగ్గానే పట్టుకుంది గాని నోరు విప్పలేదు. ట్రేమీది నల్లమరక బూడిదతో, ఇసుకతో తోమి తోమి పోగొట్టింది గాని, మా ఇంట్లో మళ్ళీ కేకు చేయలేదు. ఇంకో ట్రే కొననూ లేదు.

మెకానిక్కు వెళ్ళిపోయిన సాయంత్రం అక్క ఆ చిక్కుడుగింజలు, తొక్కలు వేరుచేస్తుంటే నేనూ పక్కన కూర్చున్నాను. "ఆ పొద్దు నేను అడిగితి కదా, కరెంటు బాగైతే ఎట్ల అని" అంది, తల ఎత్తకుండా. ఇన్నేళ్ళలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. అడిగావు అన్నాను. "అడిగిందాన్ని నేనే మరిస్తి" అంది. నేను లేచి లైటు వేశాను, కన్నుకొట్టకుండా ఒక్కసారే వెలిగింది. స్టెబిలైజరు తన చోట తాను గురగురమంటోంది. కాలం బాగాలేదని దానికి సరిపోయేట్టు మనల్ని మనం చుట్టుకుంటాం. అది బాగుపడి ఇంటికి వచ్చే రోజుకి, దాన్ని తట్టుకోవడానికి ఇంకో నాలుగు చుట్లు వేసుకునే చోటు మనలో మిగలదు.